సీలు పడిన గోలు

పెన్నవరం మున్సిపాలిటీకి ఏటా ఒక పూనకం వస్తుంది. ఒక ఏడు వీధికుక్కలకు గుర్తింపు కార్డులన్నారు. మరో ఏడు ఊళ్ళో గోడలన్నిటికీ ఒకే రంగన్నారు, సగం ఊరు అయ్యేసరికి రంగు అయిపోయింది. ఈసారి వచ్చిన పూనకం పేరు ‘నిలువు నిర్మాణాల గుర్తింపు పక్షోత్సవాలు’. నేల మీద నిలబడి, నెత్తిన దూలం మోసే ప్రతిదీ కట్టడమే. కట్టడమన్నాక డోర్ నంబరు ఉండాలి. డోర్ నంబరున్నాక పన్ను ఉండాలి. ఇందులో తప్పు పట్టడానికి ఊళ్ళో ఎవరికీ తీరిక లేకపోయింది. పెళ్ళిపందిళ్ళు వేసేవాళ్ళు మాత్రం తాళి కట్టీ కట్టకముందే పందిరి విప్పుకుని పారిపోవడం నేర్చుకున్నారు.

స్టేషన్‌రోడ్డు ఫుట్‌బాల్ క్లబ్బు పారిపోలేకపోయింది. దాని గోలుపోస్టులు పాత రైలుపట్టాల ముక్కలు. ఎప్పుడో తాతలనాడు కాంక్రీటులో దిగ్గొట్టినవి, ఊరంతా కలిసి ఊపినా కదలవు.

ఆ క్లబ్బుకు కార్యదర్శి, గోల్‌కీపరు, వలలు కుట్టేవాడు, గ్రౌండులో ముళ్ళు ఏరేవాడు అన్నీ ఒకే మనిషి, కుళ్ళాయప్ప. స్టేషను ఎదురుగా సోడాబండి నడుపుతాడు. ముప్ఫై ఏళ్ళుగా స్టేషను వైపు గోలులో నిలబడుతున్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, గోలు మాత్రం వదల్లేదు. అతనికి ఈ లోకంలో ఉన్న ఆస్తి ఆ గ్రౌండు మీద ప్రేమ, దానితోపాటు ఒక పట్టింపు. తెలిసి తెలిసి ఒక్క బంతి కూడా లోపలికి వదలకూడదు. పెళ్ళిచూపులకొచ్చిన కాబోయే మామ, అల్లుడి ముచ్చట చూద్దామని సరదాగా ఒక బంతి తన్నితే, దాన్ని కూడా గాల్లోకెగిరి పట్టుకున్నాడు. మామకు కోపం వచ్చి సంబంధం తప్పిపోబోయింది. పిల్లే పట్టుబట్టి చేసుకుంది కాబట్టి సరిపోయింది.

పక్షోత్సవాల్లో ఒక పొద్దున రెవెన్యూ అధికారి వేదాద్రిగారు గొడుగు, టేపు, బిల్‌కలెక్టరు సమేతంగా గ్రౌండుకు వచ్చాడు. గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. నిజాయితీపరుడు. ఇంట్లో కూడా కాఫీ అడగాలంటే ఆఫీసు ఉత్తరంలోలాగా ముందు విషయం, తర్వాత సూచిక చెప్పి అడుగుతాడని ఆఫీసులో అనుకుంటారు.

ఆయన గోలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "సదరు కట్టడమునకు తలుపులేవి?" అన్నాడు.

"తలుపులుండవు సార్. ఇది గోలు."

"తలుపులు పెట్టకపోవుట యజమాని నిర్లక్ష్యము. దానికి రాయితీ లేదు. మూడు వైపుల వల ఉన్నది గనుక గోడలు ఉన్నట్టే భావించవలెను. ఇందులో ఉండునది ఎవరు?"

"నేనే సార్. అంటే, ఆట జరిగేటప్పుడు."

"నివాసితుడు స్వయముగా అంగీకరించాడు, రాయండి" అన్నాడు బిల్‌కలెక్టరుతో. తర్వాత గ్రౌండుకు అటు చివరనున్న గోలు వైపు గొడుగు చూపించాడు. "ఈ రెండు కట్టడములలో మీది ఏది?"

బంతాట ఆడేవాణ్ణి ఎవర్నడిగినా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు. కుళ్ళాయప్ప కూడా అదే చెప్పాడు. "మాది ఇది సార్, స్టేషన్ పక్కది. ఆ పక్కది వాళ్ళది."

"వాళ్ళనగా?"

"మాతో ఆడనీకి ఎవరొస్తే వాళ్ళది."

"అజ్ఞాత యజమాని" అని రాయించాడు వేదాద్రిగారు. కుళ్ళాయప్ప ఏం ఒప్పుకున్నాడో కుళ్ళాయప్పకు తెలియలేదు. సోడా తెప్పిస్తానన్నాడు. లంచం కింద వస్తుందని ఆయన తాగలేదు.

నోటీసు వచ్చింది. గోలు నాటిన నాటి నుంచి నేటివరకు ఇంటిపన్ను, దాని మీద వడ్డీ, కట్టనందుకు జరిమానా, జరిమానా కట్టనందుకు జరిమానా. టికెట్లు అమ్ముతారు గనుక వ్యాపార కట్టడం రేటు. గోలు ముందున్న ఖాళీ జాగా, అనగా ఫుట్‌బాల్ గ్రౌండు, సదరు ఇంటికి వాకిలి. బాకీ తీర్చనిచో ఇల్లు వాకిలితో సహా వేలం వేయబడును. బస్టాండు దగ్గరి లాడ్జి యజమాని అప్పుడే వచ్చి, ఫంక్షన్ హాలుకు సరిపోతుందా లేదా అని వాకిలిని అడుగులేసి కొలుచుకుపోయాడు.

క్లబ్బు డబ్బాపెట్టె తెరిచి చూశారు. అందులో ఒక విజిలు, బంతికి గాలి కొట్టే సూది ఉన్నాయి. క్లబ్బు దివాలా తీసిందని తెలుసుకోవడానికి ఆడిటరు అవసరం రాలేదు.

"టికెట్లమ్మి కొంచెం కొంచెం కడతాం సార్" అని కుళ్ళాయప్ప ఆఫీసుకు పోయి బతిమాలాడు.

"బకాయి ఉన్న ఆవరణలో వ్యాపారము నిషిద్ధము."

"వ్యాపారం లేకుంటే బకాయి ఎట్ల కట్టేది సార్?"

"బకాయి కట్టిన తక్షణము వ్యాపారము చేసుకొనవచ్చును" అన్నాడు వేదాద్రిగారు ఎంతో దయగా.

గడువు దాటిన రోజు ఆయనే స్వయంగా వచ్చి గోలుకు సీలు వేశాడు. ఈ పోస్టు నుంచి ఆ పోస్టుకు అడ్డంగా మూడు వరసల తెల్లనాడా కట్టించి, ముడి ముడికీ లక్క కరిగించి పోసి, మున్సిపాలిటీ ముద్ర గుద్దాడు. మధ్యలో ‘జప్తు చేయబడినది’ అని అట్ట వేలాడదీశాడు. పని పూర్తయ్యాక అక్కడ చేరిన ఆటగాళ్ళకు నిబంధన వినిపించాడు.

"గాలికి తెగినా మీదే బాధ్యత. మేక కొరికినా మీదే బాధ్యత. ఎవరు తెంపినా శిక్షార్హులు. సీలు వేసిన అధికారి యొక్క స్వంత అవయవము వలన చెదిరినచో మాత్రము జప్తు రద్దయినట్లు భావించవలెను. నా ఇన్నేళ్ళ సర్వీసులో నా అవయవములు ఏ సీలునూ చెదరగొట్టి ఉండలేదు."

"మరి ఆట ఆడుకోవచ్చునా సార్?" అనడిగాడు షఫీ. షఫీ ఆ జట్టులో గోల్సు కొట్టే కుర్రవాడు. కొడతాడని జట్టు నమ్మకం, అంతే.

వేదాద్రిగారు పుస్తకం తిరగేశాడు. "ఆటకు పన్ను ఇంకా రాలేదు. ఆడుకొనవచ్చును."

తర్వాతి ఆదివారం కోట యూత్ క్లబ్బుతో లీగ్ మ్యాచ్. కోట వాళ్ళు ఎప్పుడొచ్చినా స్టేషన్‌రోడ్డును ఉతికి ఆరేసి పోతారు. వాళ్ళ అధ్యక్షుడు ధనుంజయ ఆ నమ్మకంతోనే బ్యాండుమేళంతో వచ్చాడు. రిఫరీ ఎబినేజర్ మాస్టారు, మున్సిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. సీలుకు కాపలాగా గోలు పక్కన కుర్చీ వేసుకుని, గొడుగు విప్పుకుని, ఆటకు వీపు పెట్టి, లక్క వంక చూస్తూ వేదాద్రిగారు కూచున్నాడు.

ఆట మొదలైన కాసేపటికి కోట జట్టువాడొకడు బంతిని గోలు మీదికి ఎత్తాడు. నాడాల ముందు నిలబడ్డ కుళ్ళాయప్ప దాన్ని ఆపాడు. వేదాద్రిగారు లేచాడు. "ఆ తన్నిన వ్యక్తి పేరు, తండ్రి పేరు?"

ఆట ఆగింది.

"జప్తులో ఉన్న కట్టడములోనికి వస్తువులు విసరడము అక్రమ ప్రవేశ యత్నము. ఈసారికి హెచ్చరిక. మరల జరిగిన ఎడల కేసు. రిఫరీగారు కూడా మున్సిపల్ ఉద్యోగియే గనుక వారి మీద శాఖాపరమైన చర్య."

ఎబినేజర్ మాస్టారికి ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. ఆయన విజిలు ఊది, ఆ గోలు వైపు బంతి తన్నడం ఫౌల్ అని ప్రకటించాడు. కోట వాళ్ళు బంతిని గోలు దగ్గరిదాకా తెచ్చి, ఎదుటివాళ్ళ ఇంటి ముందు చెప్పులు విప్పినంత మర్యాదగా ఆగిపోవడం మొదలుపెట్టారు.

సగం ఆట అయ్యాక జట్లు చివరలు మార్చుకోవాలి. స్టేషన్‌రోడ్డు వాళ్ళు అటు నడుస్తుంటే వేదాద్రిగారు గొడుగు అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"చివర మార్చుకుంటాండాం సార్. ఇప్పుడు ఆ గోలు మాది, ఈ గోలు వాళ్ళది. ఆట పద్ధతి" అన్నాడు కుళ్ళాయప్ప.

వేదాద్రిగారి ముఖంలో, ఇన్నేళ్ళ సర్వీసులో ఎందరి ఎత్తులనో చిత్తు చేసిన చిరునవ్వు కనిపించింది. "అనగా జప్తులో ఉన్న ఆస్తిని బాకీదారుడు విశ్రాంతి సమయములో ఇతరుల పేర మార్చివేయుట. దీనినే బినామీ అందురు. చెల్లదు. ఎవరి గోలు వద్ద వారు ఉండవలెను."

కాబట్టి ఉండిపోయారు. చివర్లో షఫీ కొట్టిన బంతి ఎవరి మోకాలికో తగిలి అజ్ఞాత యజమాని గోలులో పడింది. స్టేషన్‌రోడ్డు క్లబ్బు గెలిచింది. గెలిస్తే ఏం చేయాలో అలవాటు లేక ఆటగాళ్ళు కాసేపు అట్లాగే నిలబడ్డారు.

ఆ తర్వాత వాళ్ళు ఓడిపోవడం మానేశారు. ఓడిపోవడానికి దారి లేదు. ఎదుటివాడు గోలు కొడితే జైలు, కొట్టకపోతే ఓటమి. కుళ్ళాయప్ప సోడాబండి దగ్గర జనం మూగి, దివాలా తీయడంలో కిటుకు చెప్పమని అడగసాగారు. "దివాలా తీసినోడే దొర అన్నా" అనేవాడు షఫీ గర్వంగా.

ధనుంజయ తెలివైనవాడు. నేరుగా రెవెన్యూ ఆఫీసుకు పోయాడు. "సార్, ఆ పక్క గోలుకు అజ్ఞాత యజమాని అని రాసినారంట. ఆ అజ్ఞాత యజమానిని నేనే. మేము కూడా పన్ను కట్టలేం. మాకూ సీలు వేయండి."

వేదాద్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన సర్వీసులో బాకీ నాదని ఒప్పుకున్నవాడు ఇతనే మొదటివాడు. అయితే వెంటనే మిగతా క్లబ్బులూ వచ్చాయి. ఆ గోలు మాదంటే మాదని వరండాలో తోసుకున్నారు. కట్టలేనంటే కట్టలేనని ఒట్లు పెట్టుకున్నారు. ఒక క్లబ్బువాళ్ళు పొరపాటున ఏదో పాత పన్ను కట్టేసి, ఆ రసీదు వెనక్కి తీసుకుని డబ్బివ్వమని కౌంటరు దగ్గర ధర్నా చేశారు. చివరికి మున్సిపాలిటీ అర్హతలు నిర్ణయించింది. దివాలా ధ్రువపత్రం ఉండాలి. దాని మీద గజిటెడ్ అధికారి సంతకం ఉండాలి. అన్ని క్లబ్బులూ తెచ్చాయి. దాంతో ఆ గోలును ఉమ్మడి కుటుంబపు ఆస్తిగా పరిగణించి, క్లబ్బులన్నీ అన్నదమ్ములుగా భావించి, దానికీ సీలు వేశారు. అత్యధిక జప్తులు సాధించినందుకు కమిషనరుకు జిల్లా కేంద్రంలో శాలువా కప్పారు.

ఇప్పుడు రెండు గోల్సుకూ సీలు. ఇక ఏ మ్యాచ్ చూసినా సున్నా, సున్నా. ఇరవై ఇద్దరు మగవాళ్ళు గ్రౌండు మధ్యలో బంతిని ఒకరికొకరు వడ్డించుకుంటూ గంటన్నర గడిపి, చేతులు కలిపి ఇంటికి పోతున్నారు. జనం రావడం మానేశారు. బ్యాండుమేళం పెళ్ళిళ్ళకు పోయింది. కుళ్ళాయప్ప నాడాల ముందు నిలబడి నిలబడి, ఒకరోజు ఆటలోనే సోడాబండి తెచ్చుకుని గోలు పక్కన పెట్టుకున్నాడు. ఒక్క బంతి రాలేదు. ఒక్క సోడా అమ్ముడుపోలేదు. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకున్నాడు.

అసలు వింత వేదాద్రిగారిది. మొదట్లో ఆటకు వీపు పెట్టి కూచున్న మనిషి, మెల్లగా పక్కకు తిరిగాడు. మరి కొన్ని వారాలకు పూర్తిగా ఆట వైపే తిరిగాడు. సీలు సంగతి గొడుగు చూసుకునేది. బంతి మధ్యగీత దాటితే కుర్చీలోనే ఆయన కుడికాలు కొద్దిగా ఎగిరేది.

"ఏవయ్యా కుళ్ళాయప్పా, ఆ షఫీ అంత దగ్గరిదాకా వెళ్ళి కొట్టడేం?" అనడిగాడొకనాడు.

"మీ సీలుంది కదా సార్."

"అవును, ఉంది" అన్నాడు వేదాద్రిగారు. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "నిబంధన సరైనదే. చూడ్డానికి మాత్రం ప్రాణం ఉసూరుమంటోంది" అన్నాడు. నిబంధన గురించి ఆయన అంత మాట అనడం అంతవరకూ ఎవరూ వినలేదు.

వేలం తేదీ దగ్గరపడింది. ముందురోజు సాయంత్రం స్టేషన్‌రోడ్డు కుర్రాళ్ళు, కోట వాళ్ళు, ఊళ్ళో జనం చాలామందే, గ్రౌండును చివరిసారి చూసుకోవడానికి వచ్చారు. లాడ్జి యజమాని భోజనాల హాలు ఎక్కడొస్తుందో సున్నంతో గీత కూడా గీసుకున్నాడు. ఆ గీత సరిగ్గా పెనాల్టీ కొట్టే చోటు మీదుగా పోయింది.

కుళ్ళాయప్ప సోడాబండి వదిలేసి గోలు ముందుకొచ్చి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, దాచుకోలేదు. "సార్, పొద్దున్నే ఇది నాది కాకుండా పోతాది. పోయేముందు ఒక్క బంతి పట్టుకోవాలని ఉంది. ఎవురు తన్నినా మీరు కేసు పెడతారు. మీ మీద పెట్టేవాడు లేడు కదా. మీరే ఒకటి తన్నండి."

వేదాద్రిగారు అటూ ఇటూ చూశాడు. గొడుగు ముడిచాడు. "నువ్వు ఆపుతావు కదా? సీలుకు ప్రమాదం లేదు కదా?"

"నా సంగతి ఊరందరికీ తెలుసు సార్."

తెలుసు. అందుకే ఆయన ధైర్యంగా బూటు బిగించుకుని, సున్నంగీత మీద బంతి పెట్టి, ఆఫీసు మెట్లెక్కేంత జాగ్రత్తగా నాలుగడుగులు నడిచొచ్చి తన్నాడు. బంతి మెల్లగా ఎడమ వైపు వచ్చింది. కుళ్ళాయప్ప ఎగిరి పడి దాన్ని గుండెకు హత్తుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

బంతి అందుకోవడానికి వచ్చిన షఫీ అతని చెవిలో అన్నాడు. "అన్నా, ఏం పని చేస్తివి? గుర్తు లేదా? ఆయన అవయవంతో సీలు చెదిరితే జప్తు పోతాదన్నాడు కదా. వదిలేయన్నా."

"వదిలేయాల్నా?" అన్నాడు కుళ్ళాయప్ప. "నేనా?"

"ఒక్కటే అన్నా. గ్రౌండు నిలబడతాది."

"మామ తన్నినా వదల్లేదురా నేను."

"మామ గ్రౌండు అమ్మడంలేదు కదన్నా."

వేదాద్రిగారికి మనసు నిండలేదు. "ఇంకొక్కటి" అన్నాడు. ఆ ఒక్కటి గోలుకు ఆమడదూరంలో సోడాబండికి తగిలి మూడు సీసాలు పగిలాయి. "ఇది లెక్కలోకి రాదు" అని తనే తీర్పు చెప్పుకుని, కోటు విప్పి బిల్‌కలెక్టరు చేతికిచ్చి, మళ్ళీ బంతి పెట్టాడు.

ఈసారి కొంచెం దూరం నుంచి ఉరికొచ్చాడు. కాలు సగం నేలకు, సగం బంతికి తగిలింది. బంతి దొర్లుకుంటూ, ఏదో ఆలోచించుకుంటున్నట్టు నింపాదిగా, కుళ్ళాయప్ప కుడిచేతి వైపు రాసాగింది. చేయి చాపితే అందుతుంది. చాపకపోయినా కాలికి తగిలి ఆగిపోతుంది. కుళ్ళాయప్ప కుడిచేయి దానంతటదే ముందుకు పోయింది. ముప్ఫై ఏళ్ళుగా దానికి తెలిసింది అదొక్కటే. అతను ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, రెంటినీ వెంటబెట్టుకుని, ఎడమ వైపుకు పెద్దగా ఎగిరి పడ్డాడు. నోట్లోకి మట్టి పోయింది. బంతి అతను ఖాళీ చేసిన చోట నుంచి మెల్లగా లోపలికి పోయి కిందివరస నాడాను తాకింది. ఎప్పటి లక్కో, పుటుక్కుమని విరిగింది.

గ్రౌండులో ఒక్క గొంతు మాత్రం వినిపించింది. "గోల్. గోల్. గోల్ కొట్టానండీ." వేదాద్రిగారు గొడుగు గాల్లోకి ఎగరేసి, ఎవర్ని కౌగిలించుకోవాలో తెలియక ధనుంజయను కౌగిలించుకున్నాడు.

ఆ తర్వాత ఆయనకు సీలు కనిపించింది. వంగి లక్కముక్కలు ఏరుకుని చేతిలో పెట్టుకుని చూశాడు. మెల్లగా, ఆఫీసు గొంతుతో అన్నాడు. "బంతి అనునది పాదము యొక్క కొనసాగింపు. పాదము నాది. అవయవము వలన చెదిరినచో జప్తు రద్దయినట్లు భావించవలెను. రాయండి." బిల్‌కలెక్టరు రాశాడు. జనం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

రెండో గోలు మీద కూడా సీలుంది గనుక, సమన్యాయం కోసం ఆయన అటు నడిచాడు. అక్కడ కీపరు కూడా లేడు. ఆ ఖాళీ గోలును కొట్టడానికి ఆయనకు చీకటిపడేదాకా పట్టింది. జనం ఓపిగ్గా బంతి తెచ్చి ఇస్తూనే ఉన్నారు.

మళ్ళీ పన్ను వేసి జప్తు చేయడానికి మొదటి నుంచి కొలతలు తీసుకోవాలంటే ఆ పక్షోత్సవాలు అప్పటికే ముగిశాయి. మున్సిపాలిటీకి కొత్త పూనకం వచ్చింది. ఇప్పుడు నీడలు కొలుస్తున్నారు. గోలుపోస్టు నీడ సన్నం, పన్నుకు ఆనదు. స్టేషన్‌రోడ్డు క్లబ్బు తర్వాతి ఆదివారమే కోట వాళ్ళ చేతిలో ఎప్పటిలాగే చిత్తుగా ఓడిపోయింది, టికెట్లన్నీ అమ్ముడుపోయాయి.

వేదాద్రిగారికి బదిలీ వచ్చింది. రైలెక్కే ముందు సోడాబండి దగ్గర ఆగాడు. చుట్టూ షఫీ, ఎబినేజర్ మాస్టారు, ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఆయన కాసేపు తటపటాయించి అడిగాడు.

"నిజం చెప్పు కుళ్ళాయప్పా. ఆ రోజు నువ్వు గట్టిగానే ప్రయత్నించావు కదా?"

అందరూ కుళ్ళాయప్ప వంక చూశారు. అతను సోడా కొట్టి, ముందు బుడగలు తగ్గనిచ్చాడు.

"శానా ప్రయత్నం చేసినా సార్" అన్నాడు. "అందలేదు. అట్లాంటి షాటు నేను ఈ ముప్ఫై ఏళ్ళలో చూడలేదు."

వేదాద్రిగారు ఈసారి లంచం మాట ఎత్తకుండా సోడా తాగాడు. సీసా తిరిగి ఇచ్చి, తన కుడికాలి బూటు వైపు ఒకసారి చూసుకుని, రైలెక్కాడు.